లోపలి గొళ్ళెం

కథలూ పద్యాలూ వేసుకొనే మన చిన్న పత్రికలో ఒక బ్యాంకు ఉద్యోగిని మానసిక ఆస్పత్రుల గొడవ ఎందుకు ఎత్తుతున్నదని కొందరికి అనిపించవచ్చు. బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా లెడ్జర్ల మధ్య బతికినదాన్ని. వైద్యం నాకు తెలియదు. అయినా ఈ సంగతిలో మన భాషకు పాత్ర ఉంది, నా ఉద్యోగానికి పాత్ర ఉంది, నా తప్పు కూడా ఉంది. ముందు తప్పు చెప్పుకొని తరువాత వాదానికి వస్తాను.

2009లో నేను తమిళనాడు దక్షిణాన ఒక చిన్న పట్టణపు శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. ఊరి బయట మతిస్థిమితం తప్పినవాళ్ళ కోసం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం ఒక ట్రస్టు నడిపే ‘ఇల్లం’ ఉండేది. అక్కడివాళ్ళలో ఏడెనిమిది మందికి మా శాఖలో ఖాతాలుండేవి. సర్కారు ఉద్యోగం చేసిన తండ్రి పోతే, సొంతంగా బతకలేని బిడ్డకు వచ్చే కుటుంబ పింఛను వాటిలో పడేది. నెలనెలా ఇల్లం మేనేజరు వేలిముద్రలు వేయించిన ఫారాల కట్ట తెచ్చి డబ్బు తీసుకుపోయేవాడు. బ్యాంకుకు రాలేని ఖాతాదారు వేలిముద్రకు ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకులో బాధ్యత గల ఉద్యోగి అయివుండాలి అన్నది నియమం. మా ఫారాల మీద సాక్షులు ఆ ఇంటి వంటమనిషి, ఆ ఇంటి కాపలావాడు. దాని కింద నా సంతకం. నేను ఆ ఇంటి గడప తొక్కి ఎరగను. నాకు ముందున్నవాళ్ళు అలాగే పాస్ చేశారు, నేనూ చేశాను.

నవంబరు వచ్చింది. పింఛనుదార్లు బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల అది. వాళ్ళను వ్యానులో ఎక్కించుకొని తెచ్చారు. అందులో ఒకామె, యాభై ఏళ్ళుంటాయేమో, గుండు గీసిన తల, నా బల్ల ముందు కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మ ఫోను చేస్తే రెండు మాటలు తెలుగులో మాట్లాడి పెట్టేశాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. మా అమ్మమ్మ ఊరి నల్లరేగడి పల్లెల్లో మాట్లాడే తెలుగులోనే మెల్లగా అంది: “అమ్మా, మా గదికి లోపల గొళ్ళెం లేదమ్మా. ఒకటి వేయించి పెట్టమ్మా.”

మేనేజరు నవ్వాడు. “రోజంతా ఇదే పాట మేడం. ఏం వాగుతుందో ఎవరికీ అర్థం కాదు” అన్నాడు తమిళంలో. అతను అబద్ధం చెప్పలేదనే అనుకొంటాను. అతని చెవికి అది వాగుడే. ఆ శాఖలో ఆ మాట అర్థమైన మనిషిని నేనొక్కదాన్నే. “ఎందుకమ్మా?” అని అడిగాను. ఆమె అతని వైపు ఒకసారి చూసి నోరు మూసుకొంది. నేను ఫారం మీద ఆమె వేలిముద్ర తీసుకొని సంతకం పెట్టాను.

రాత్రి నిద్ర పట్టలేదు. గదికి లోపల గొళ్ళెం కావాలని ఏ ఆడమనిషి ఎందుకు అడుగుతుందో తెలియడానికి వైద్యం చదవనక్కరలేదు. మర్నాడు శాఖ మేనేజరుగారికి చెప్పాను. “వాళ్ళ ట్రస్టు డిపాజిట్లు మన దగ్గరున్నాయి, మనకెందుకమ్మా ఈ తంటా?” అన్నారు. సాక్షుల నియమం అడ్డం పెట్టుకొని రెండు వారాలకు ఆ ఇంటికి వెళ్ళాను. వస్తున్నట్టు ముందే కబురందింది కాబోలు, ముందుగదిలో అందరికీ ఉతికిన బట్టలు కట్టించి వరసగా కూర్చోబెట్టారు. ఆమె లేదు. సొంత ఊరికి పంపించామన్నారు. లోపలి గదులు చూపించమని అడగడానికి నాకు నోరు రాలేదు. మరుసటి నెల ఆ ఖాతాలన్నీ వేరే శాఖకు మారిపోయాయి.

ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. ఫలానావాడు ఫలానా నేరం చేశాడని నేను అనడం లేదు. అనే అర్హత నాకు లేదు, ఎందుకంటే నేను ఎవరికీ రాయలేదు, ఎవరినీ అడగలేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ మనిషి ఫిర్యాదు చేసింది. బాధ్యత గల ఒక అధికారి ముందు, తన సొంత భాషలో, సూటిగా చేసింది. ఆ ఫిర్యాదు నా బల్ల దగ్గరే ఆగిపోయింది.

ఇక వాదం.

ఇటువంటి సంగతి ఎత్తగానే మనవాళ్ళు అనే మొదటి మాట నాకు తెలుసు. “కన్నవాళ్ళే వదిలేసినవాళ్ళకు అన్నం పెడుతున్నారు, మలమూత్రాలు ఎత్తుతున్నారు. అలాంటివాళ్ళను అనుమానిస్తే ఇక ఎవరు ముందుకొస్తారు?” ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ పని ఎంత కష్టమో నేను కాదనను. చాలాచోట్ల ఒక్క ఆయా చేతికింద ఎందరో ఉంటారు, రాత్రి డ్యూటీ, అంతంతమాత్రం జీతం, శిక్షణ సున్న. ఒక్కోసారి రోగి చేతి దెబ్బలు కూడా తినాలి. ఓపికగా చేసేవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. కాని అనుమానించకూడదన్న రెండో సగం నేను ఒప్పుకోను. కారణం నా ఉద్యోగమే నాకు నేర్పింది.

బ్యాంకులో క్యాష్ సేఫుకు రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర. ఒక్కడు తెరవలేడు. ఒకరు రాసిన వోచరు ఇంకొకరు పాస్ చెయ్యాలి. చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టరు వచ్చి నోట్ల కట్టలు లెక్క పెట్టిస్తాడు. మూడేళ్ళు కాగానే బదిలీ. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళను ఏడాదిలో కనీసం 10 పనిదినాలు, ముందుగా తెలియనివ్వకుండా, తప్పనిసరి సెలవు మీద పంపుతారు. ఆ సీటు మరొకరు చూస్తేగాని లొసుగు బయటపడదని. ఇన్నేళ్ళలో ఏ క్యాషియరూ “నన్ను దొంగ అనుకొంటున్నారా?” అని అలగలేదు. ఈ నియమాలు దొంగను పట్టడానికే కాదు, నిజాయితీపరుడి మీద నింద పడకుండా కాయడానికి కూడా అని మాకు తెలుసు.

నోట్ల కట్టకు ఇన్ని కాపలాలు పెట్టిన దేశం, నోరు లేని మనిషిని రాత్రిపూట ఒక్క మనిషి చేతికి ఒప్పగించి వెళ్ళిపోతుంది. అడిగితే నమ్మకం అంటుంది. నమ్మకం మంచిదే, అది కాపలా కాదు. సేఫులో నోటు పోతే సాయంత్రం లెక్కలో తేలుతుంది. ఆ గదిలో పోయింది ఏ లెక్కలో తేలుతుంది?

తేలదనడానికి మన కళ్ళ ముందు ఉదాహరణలున్నాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఎర్వాడిలో పాకలో నడుస్తున్న ఒక మానసిక రోగుల నివాసానికి నిప్పంటుకొంది. 28 మంది చనిపోయారు. పారిపోలేకపోయారు, గొలుసులతో కట్టేసి ఉన్నారు గనక. వారం తిరగకుండా ప్రభుత్వం అక్కడి అలాంటి నివాసాలు మూయించి 500 మందికి పైగా మనుషులను తన సంరక్షణలోకి తీసుకొంది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఆ గొలుసులు ఆ రాత్రి పుట్టినవా? ఏళ్ళ తరబడి ఎర్వాడి వచ్చిపోయే ప్రతివాడి కంటా పడుతున్నవే.

2009లో చండీగఢ్‌లో మరొకటి. ప్రభుత్వమే నడిపే ఆశ్రయంలో బుద్ధిమాంద్యం ఉన్న ఒక యువతి మీద అత్యాచారం జరిగిన సంగతి, ఆమె గర్భవతి అని తేలాకగాని లోకానికి తెలియలేదు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ బిడ్డను కనాలా వద్దా అన్న దాంట్లో ఆమె ఇష్టాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. బుద్ధిమాంద్యం ఉన్న మనిషికీ సొంత ఇష్టం ఉంటుందని అంత పెద్ద కోర్టు చెప్పాల్సి వచ్చింది.

2023 ఫిబ్రవరిలో విల్లుపురం జిల్లా కుండలపులియూరు. అనుమతులు లేకుండా నడుస్తున్నదని అధికారులు చెప్పిన ఒక ఆశ్రమం నుంచి 140 మందికి పైగా మనుషులను తరలించారు. లోపల కొట్టారని, మహిళల మీద అత్యాచారాలు జరిగాయని, కొందరు ఏమయ్యారో తెలియడం లేదని ఆరోపణలు వచ్చాయి, కేసులు పెట్టారు. ఇదెలా బయటికొచ్చింది? ఒక పెద్దాయనను అక్కడ చేర్పించిన బంధువు విదేశం నుంచి చూడ్డానికి వస్తే మనిషి లేడు. బెంగుళూరు పంపామన్నారు, అక్కడా లేడు. విషయం హెబియస్ కార్పస్ పిటిషన్‌గా మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. అప్పుడు పోలీసులు కదిలారు.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి నిప్పు వల్ల తెలిసింది, ఒకటి గర్భం వల్ల తెలిసింది, ఒకటి పట్టు విడవని బంధువు వల్ల తెలిసింది. లోపలున్న మనిషి నోరు విప్పి చెపితే, ఎవరో విని, రాసుకొని, కదిలి పట్టుకొన్నది ఒక్కటీ లేదు. వాళ్ళు చెప్పలేదంటారా? తప్పకుండా చెప్పి ఉంటారు. పిచ్చివాళ్ళ మాటకు ఖాతా లేదు, అంతే.

చట్టం లేదా అంటే ఉంది. 1987 నాటి చట్టం పోయి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వచ్చింది. 2018 మే 29 నుంచి అమలులో ఉంది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదంటుంది. ఒంటరి గదిలో బంధించకూడదంటుంది. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు, అదీ బాధ్యుడైన మానసిక వైద్యుడి అనుమతితో మాత్రమే రోగిని కదలకుండా నిరోధించవచ్చు. అది రికార్డులో ఎక్కాలి, రోగి తరఫు ప్రతినిధికి 24 గంటల్లో తెలియాలి, ప్రతి నెలా సమీక్షా బోర్డుకు వివరం వెళ్ళాలి. రోగికి ఫిర్యాదు చేసే హక్కుంది, బయటివాళ్ళతో మాట్లాడే హక్కుంది. రోగికి ఇవ్వాల్సిన సమాచారం అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా స్పష్టంగా రాశారు. దీనితోపాటు వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఉంది. వికలాంగుడి సంరక్షణ చేతిలో ఉండి కావాలని తిండీ నీళ్ళూ ఆపినా, అధికారం అడ్డం పెట్టుకొని వికలాంగురాలిని లైంగికంగా వాడుకొన్నా 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు. మరొక ముఖ్యమైన మాట కూడా అందులో ఉంది. ఇటువంటి హింస జరుగుతున్నదని, జరగవచ్చని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా సరే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు చెప్పవచ్చు. రక్తసంబంధం అక్కరలేదు. బ్యాంకు ఆఫీసరైనా చాలు.

ఇంత మంచి చట్టానికి పళ్ళెక్కడున్నాయో చూద్దామని వెతికాను. రిజిస్ట్రేషన్ లేకుండా మానసిక ఆరోగ్య సంస్థ నడిపితే మొదటిసారికి జరిమానా 5 వేల నుంచి 50 వేల రూపాయల దాకా. మా పట్టణంలో ఒక మోస్తరు పెళ్ళికి పూల అలంకరణ ఖర్చు అంత. ఫిర్యాదులు వినాల్సిన సమీక్షా బోర్డులు ఏర్పడడానికి చట్టం వచ్చాక కూడా పలు రాష్ట్రాల్లో ఏళ్ళు పట్టింది. సర్కారు ఆస్పత్రుల మాటా వినండి. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక సంస్థల స్థితి అమానుషంగా, శోచనీయంగా ఉందని చెప్పింది. నయమైనవాళ్ళను సైతం చట్టవిరుద్ధంగా లోపలే ఉంచేస్తున్నారని చెప్పింది. కాబట్టి ప్రైవేటును మూసి సర్కారుకు అప్పగిస్తే సరిపోతుందని కూడా నేననను.

“అంత వద్దు, అందరి గదులకూ లోపల గొళ్ళెం పెడితే పోదా?” అని ఎవరైనా అనవచ్చు. ఒక డాక్టరుగారిని అడిగాను. వద్దన్నారు. లోపల గడియ వేసుకొని ప్రాణం తీసుకొనే రోగులుంటారు, తలుపు బయటినుంచి తెరుచుకొనేలా ఉండాలి అన్నారు. ఆ మాట న్యాయమే. అయితే ఆ మనిషి దగ్గర నుంచి గొళ్ళెం తీసేసుకొన్నవాళ్ళు దానికి బదులు ఏమిచ్చారన్నది నా ప్రశ్న. ఆమె గొళ్ళేన్ని మన చేతిలోకి తీసుకొన్నప్పుడు దాన్ని వేసే బాధ్యత కూడా మనదే.

ఆ బాధ్యతకు నాకు తెలిసిన భాషలోనే పట్టిక రాస్తాను. సేఫు లాగే, రాత్రి వార్డులో ఒక్క ఉద్యోగి ఒంటరిగా ఉండకూడదు. ఆడవాళ్ళ వార్డులోకి మగ ఉద్యోగి ఒంటరిగా అడుగు పెట్టకూడదు. క్యాష్ తనిఖీ లాగే, చెప్పకుండా తనిఖీ. పగలు కాదు, రాత్రి పదింటికి, ముందుగదిలో కాదు, వెనక గదుల్లో. ఒంటి మీద పడిన ప్రతి గాయానికీ, కట్టివేసిన ప్రతిసారికీ పుస్తకంలో పద్దు, దాని కింద ఇంట్లో ఉద్యోగి కాని మనిషి సంతకం. ఫిర్యాదు వినేది ఆ ఇంటి మేనేజరు కాకూడదు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతికే కాగితం ఇచ్చే పద్ధతి ఏ ఆడిట్‌లోనూ నిలవదు. ఒకచోట తప్పు చేసి తొలగించబడ్డవాడు పక్క జిల్లాలో ఇంకో ఇంట్లో చేరకుండా ఒక రికార్డు. రోగి పింఛను ఎలా ఖర్చయిందో ఏటేటా లెక్క, వేలిముద్ర వేసేటప్పుడు నిజంగా అక్కడికి వెళ్ళి చూసిన బ్యాంకు ఉద్యోగి. చివరిగా, ఆయాకూ వార్డుబాయ్‌కూ బతకగలిగే జీతం, చాలినంతమంది మనుషులు, వారానికొక సెలవు. జీతం చాలకపోతే ఓపిక చస్తుందని నాకు తెలుసు. అయినా జీతం చాలని క్యాషియరు డబ్బు తీస్తే మేము క్షమించం గదా! మనిషి విషయంలో మాత్రం ఎందుకు క్షమించాలి?

ఇప్పుడు మన భాష సంగతి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు, మద్రాసులో కీళ్పాకం, పుణే పక్క ఎరవాడ. మనుషులు నయం కావడానికి వెళ్ళే చోట్ల పేర్లు మనం తిట్లుగా చేసుకొన్నాం. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు తిట్టు నేర్చుకొన్నాం. అక్కడ లోపల మన మనుషులున్నారన్న ధ్యాస మాత్రం మనకు రాలేదు. మతి చెదిరినవాళ్ళకు తరువాత నేర్చిన భాష జారిపోయి, అమ్మ నేర్పిన మాటే మిగలడం నేను మా బంధువుల్లోనే చూశాను. తమిళం నడిచే వార్డులో, కన్నడం నడిచే వార్డులో, మరాఠీ, ఒడియా నడిచే వార్డులో ఆ తెలుగు మాట వాగుడు కింద జమ అవుతుంది. కేస్ షీటులో రోగలక్షణం కింద ఎక్కినా ఆశ్చర్యపోను. మన బడులు మూతపడితే మనం సభలు పెట్టాం, తీర్మానాలు చేశాం. మంచిదే. కాని “మా గదికి గొళ్ళెం లేదు” అన్న తెలుగు వాక్యం అర్థం చేసుకొనేవాడు లేక ఒక మనిషి నాశనమైతే, అంతకంటే పెద్ద భాషాసమస్య ఏముందో నాకు చెప్పండి.

మన సంఘాలు హోసూరులో ఉన్నాయి, కోయంబత్తూరులో ఉన్నాయి, బళ్ళారిలో, బరంపురంలో, సోలాపురంలో ఉన్నాయి. ఉగాదికి పచ్చడి పంచి, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టే సంఘాలే. ఏడాదిలో ఒక్క పని అదనంగా పెట్టుకోమంటాను. మీ జిల్లాలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిలో రిజిస్టరైనవి ఎన్నో కలెక్టరాఫీసులో సమాచార హక్కు కింద అడగండి. సమీక్షా బోర్డుకూ, జిల్లా న్యాయ సేవల సంస్థకూ మీ సంఘంలో తెలుగు దుబాసీగా రాగల నలుగురి పేర్లు రాసి పంపండి. పండ్లు పంచి ఫొటో దిగి రావద్దు. కూర్చొని మాట్లాడండి. తెలుగులో పలకరించి, ఎవరు తలెత్తి చూస్తారో గమనించండి. లోపలికి రానివ్వని ఇల్లుంటే ఆ సంగతే రాతపూర్వకంగా పైకి పంపండి. అక్కడ మీ ఇంటి మనిషే ఉంటే, పండక్కి కాక మామూలు రోజున, చెప్పకుండా వెళ్ళండి. చూడ్డానికి వచ్చేవాళ్ళున్న మనిషి మీద చెయ్యి అంత సులువుగా లేవదు.

నా పదవీ విరమణ దగ్గరపడింది. 2009లో రాయాల్సిన ఉత్తరం ఈ వారం రాశాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదని విన్నాను, మేనేజరు ఎక్కడున్నాడో తెలియదు. అయినా తేదీలు, ఖాతాల సంగతి, నేను పెట్టిన సంతకాల సంగతి, ఆమె అన్న మాట, అన్నీ ఉన్నవున్నట్టు రాసి జిల్లా కలెక్టరుగారికి రిజిస్టరు పోస్టులో పంపాను. ఆమె ఏ ఊరికి వెళ్ళిందో, అసలు వెళ్ళిందో లేదో కనుక్కోమని అడిగాను. దీనివల్ల నా మీద విచారణ వస్తే రానివ్వండి. వేలిముద్ర కింద చూడకుండా పెట్టిన సంతకానికి జవాబు నేను కాక ఎవరు చెప్పాలి?

ఆమె మాటను మాత్రం తమిళంలోకి మార్చకుండా తెలుగులోనే రాసి, పక్కన అర్థం ఇచ్చాను. ఈసారి అది వాగుడు కింద పోకూడదని.